నవారు బెల్టు సాక్ష్యం

“మా తాతయ్యేనండీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు నేవీలో చేశాడు” అంటూ ఆయన గోడమీది ఫోటో దించి, కండువాతో అద్దం తుడిచి నా ఒళ్ళో పెట్టారు.

గుంటూరు బ్రాడీపేటలో ఓ అడ్డరోడ్డు మీద ఇల్లు. కింద కోచింగ్ సెంటరు, దాని పక్కన మందుల షాపు, పైన ఈయన కాపురం. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. యుద్ధాల ఫోటోల పిచ్చి ఉన్నవాడినని ఎవరో చెబితే నన్ను కాఫీకి పిలిచారు. ఫోటో బాగా పెద్దది, రంగులు అద్దినది. వెనక పరదా మీద సరస్సు, హంసలు. ముందు ఆకుపచ్చ చొక్కాలో మీసాల మనిషి. బుగ్గలకు గులాబీ రంగు పూశారు. నడుం దగ్గరికి వచ్చేసరికి చిత్రకారుడికి ఓపిక అయిపోయినట్టుంది, బెల్టు నున్నగా ఒక్క గీత. దానికి కట్టు లేదు, కుట్టు లేదు.

“దీనికి అసలు ఫోటో ఉందాండీ, చిన్నది?”

ట్రంకుపెట్టె తెరిచారు. పింఛను కాగితాల కింద, పాత పంచాంగాల మధ్య, అగ్గిపెట్టెకు కాస్త పెద్ద సైజు ప్రింటు ఒకటి దొరికింది. హంసల్లేవు, సరస్సు లేదు. బురద నేల మీద నలుగురు నిలబడి ఉన్నారు. ఇద్దరు మనవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. తాతగారు ఎడమ నుంచి రెండో మనిషి. భూతద్దం పెట్టి చూశాను.

“మొదటి యుద్ధం కాదండీ. రెండోది.”

“మొహం చూసి చెప్పారా?”

“నడుం చూసి.”

ఆయన ఒక్క క్షణం ఆగి నవ్వారు. “మేం మిర్చి టిక్కీలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, ముడత చూసి తేజా రకమో 334 రకమో చెప్పినట్టు!”

అచ్చం అంతే. మిర్చి యార్డులో రైతు చెప్పే మాట ఒకటుంటుంది, కాయ చెప్పే మాట ఒకటుంటుంది. పాత ఫోటోకైనా అంతే. కింద రాసిన పేరు, ఇంట్లో చెప్పుకునే కథ, గోడమీది దండ, ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవి. ఆ రోజు ఆ మనిషి ఒంటిమీద ఉన్నది మాత్రం స్టోరు గుమాస్తా చిట్టాలో రాసుకుని ఇచ్చిన సామాను. బెల్టు ఏ ఏటిది, తూటాల సంచి ఏ నమూనాది, టోపీ ఎవరిది అన్నవి అబద్ధం చెప్పాలన్నా చెప్పలేవు. ముఖ్యంగా బ్రిటిష్ నేవీవాళ్ళు నేల మీదికి దిగి కాల్బలంగా పోరాడిన ఫోటోల విషయంలో ఈ సామానే అసలు ఆధారం. వేసుకున్నది నావికుడి టోపీ, చేతిలో ఉన్నది సిపాయి తుపాకి, నడుముకున్నది ఎవరిదో పాత బెల్టు అయినప్పుడు మనిషిని పోల్చుకోవడానికి ఇంకో దారి లేదు.

ముందు టోపీ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అది మన పేటతో ముడిపడి నవ్వొచ్చే ముచ్చట. బ్రాడీపేట అన్న పేరు ఓ ఇంగ్లీషు అధికారి పేరు మీద వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. మొదటి యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు పెట్టుకున్న ఇనప టోపీ పేరు కూడా బ్రాడీయే. ఇద్దరికీ చుట్టరికం కట్టకండి. టోపీ బ్రాడీ పూర్తి పేరు జాన్ లియోపోల్డ్ బ్రాడీ. 1915లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్క ఉక్కు రేకును అచ్చులో నొక్కి, పళ్ళెం బోర్లించినట్టు, చుట్టూ అంచుతో చేసిన టోపీ అది. పైనుంచి పడే ఫిరంగి ముక్కల నుంచి తలనూ భుజాలనూ కాపాడటానికి పుట్టింది. ఆ ఏడాది చివర్లో కొద్దికొద్దిగా సైనికుల చేతికొచ్చి, 1916 వేసవి నాటికి అందరికీ అందింది. టర్కీలోని గలిపోలి నుంచి బ్రిటిష్ సైన్యం చివరి మనిషితో సహా వెళ్ళిపోయింది 1916 జనవరి 9న. కాబట్టి అక్కడ నేల మీద పోరాడిన నావికుల డివిజన్ ఫోటోలో తలల మీద బ్రాడీ టోపీలు కనిపిస్తే, కింద ‘గలిపోలి’ అని ఎంత అందంగా రాసి ఉన్నా నమ్మక్కర్లేదు. అది ఫ్రాన్సు.

ఇదే వరసలో బ్రాడ్రిక్ టోపీ అని మరొకటి ఉంది. గుండ్రంగా, ముందు చూరు లేకుండా ఉంటుంది. యుద్ధమంత్రి బ్రాడ్రిక్ పేరు మీద 1902 ప్రాంతంలో వచ్చింది. సైన్యం సిపాయిలకు అది నచ్చక మూడు నాలుగేళ్ళలో వదిలించుకున్నారు. రాయల్ మెరైన్లు మాత్రం, అంటే ఓడల మీద ఉండే నేవీ సిపాయిలు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకునే తిరిగారు. కాబట్టి 1910 దాటిన ఫోటోలో ఆ టోపీ ఉంటే మెరైను అన్నమాట. ఒకరు వదిలేసింది ఇంకొకరి గుర్తు అయిపోయింది.

ఇక నడుము. గుంటూరు వాళ్ళకు ఇది చెప్పడం తేలిక. నవారు మంచం తెలుసు కదా! పత్తి నూలుతో దట్టంగా, వెడల్పుగా నేసిన పట్టీ. బిగించి లాగితే మనిషి బరువు మోస్తుంది, వానకు తడిసినా తోలులా పగలదు. సైన్యం భాషలో వెబ్బింగ్ అంటే అదే, నవారే. దాంతో బెల్టులూ తూటాల సంచులూ చెయ్యవచ్చన్న బుర్ర ఆన్సన్ మిల్స్ అనే అమెరికన్ సైనికాధికారిది. ఆయన పేరుతోనే వెలిసిన కంపెనీ, ఒక ఐరిష్ రెజిమెంటు అధికారి బర్రోస్ గీసిన నమూనాతో, బ్రిటిష్ సైన్యానికి 1908లో పూర్తి నవారు సరంజామా తయారుచేసి ఇచ్చింది. బొడ్డుకు అటూ ఇటూ అయిదేసి చిన్న జేబులు, కింద మూడు, పైన రెండు. ఒక్కో జేబులో 15 తూటాలు. మొత్తం 150. ఫోటోలో ఈ పది జేబులు చూస్తే చాలు, 1908 నమూనా అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఇంకా లోతుకు వెళ్ళే దారి కూడా ఉంది. కందకం గట్టుకు ఎడమ వైపు ఆనుకుని కాలుస్తుంటే ఎడమ జేబుల మూతలు ఊడి తూటాలు బురదలో రాలిపోయేవి. అందుకని యుద్ధం మొదలయ్యాక ఎడమ జేబులకు అదనంగా చిన్న పట్టీలు కుట్టారు. మూతల కింద ఆ పట్టీలు కనబడితే అది కందకాల కాలంలో తయారైన సెట్టు. రైతు గోనెసంచి మూతికి రెండో కుట్టు వేసినట్టు, పని చెప్పిన పాఠం అది.

నవారు కంటే పాతవాటిలో రెండు గుర్తుపెట్టుకుంటే చాలు. 1888 నాటి స్లేడ్ వాలెస్ సరంజామా గేదె తోలుది, తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటుంది, ముందు రెండు చదరపు పెట్టెలు. విక్టోరియా రాణి కాలం సిపాయి బొమ్మ గీయమంటే పిల్లలు గీసేది దాన్నే. రెండోది 1903 నాటి బ్యాండోలియర్. గోధుమరంగు తోలు పట్టీని జంధ్యంలా భుజం మీద నుంచి ఏటవాలుగా వేసుకుంటారు. కాల్బలానికి దాని మీద అయిదు జేబులు, జేబుకు పది తూటాలు, మొత్తం 50. ఈ బ్యాండోలియర్‌తో మనకు చాలా పనుంది, కాస్త ఆగండి.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చి లక్షల మంది ఒక్కసారిగా సైన్యంలో చేరితే మిల్స్ మగ్గాలు అందుకోలేకపోయాయి. అప్పుడు హడావుడిగా తోలుతో ఓ బదులు నమూనా చేశారు. దాని పేరు 1914 నమూనా. ముందు రెండు పెద్ద తోలు సంచులు, ఒక్కోదానిలో 60 తూటాలు, బెల్టుకు పాము మెలికలాంటి ఇత్తడి కొక్కెం. నలుపు తెలుపు ఫోటోలో కూడా తేడా పట్టేయొచ్చు. నవారు మీద వెలుతురు మెత్తగా ఇంకిపోతుంది, బూడిదరంగులో మట్టిగా కనబడుతుంది. తోలు నల్లగా ఉండి వంపుల దగ్గర మెరుస్తుంది. మిలమిల మెరిసే నడుము కనిపిస్తే నవారు దొరకని మనిషి అని అనుమానించాలి.

నవారు దొరకనివాళ్ళ జాబితాలో మొదట నిలబడాల్సింది నేవీ కాల్బలమే.

యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ నేవీలో రిజర్వు నావికులు ఇరవై వేలకు పైగా మిగిలిపోయారు. వాళ్ళకు ఎక్కడానికి ఓడల్లేవు. నేవీ మంత్రి చర్చిల్‌కు ఓ ఆలోచన వచ్చింది, వీళ్ళను నేల మీద నడిపిద్దామని. అలా పుట్టింది రాయల్ నేవల్ డివిజన్. పటాలాలకు పాత అడ్మిరళ్ళ పేర్లు పెట్టారు. డ్రేక్, హాక్, బెన్‌బో, కాలింగ్‌వుడ్, నెల్సన్, హౌ, హుడ్, ఆన్సన్. వీటికి తోడు మెరైన్ల బ్రిగేడు. ఓడల్లో బొగ్గు వేసినవాడు, తెరచాప ఎత్తినవాడు, ఓ యువకవి, అందరూ కాలినడకన సైనికులయ్యారు. ఆ కవి రూపర్ట్ బ్రూక్. 1915 ఏప్రిల్ 23న, గలిపోలి ఒడ్డు చేరకముందే, గ్రీకు దీవి పక్కన ఓడలో జబ్బుతో పోయాడు.

1914 అక్టోబర్‌లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ కోట జర్మన్ల చేతికి చిక్కేలా ఉంటే ఈ డివిజన్‌ను అక్కడికి తోలేశారు. ముందు మెరైన్లు వెళ్ళారు, 6వ తేదీన నావికులు చేరారు. అప్పటికి చాలామందికి తుపాకి చేతికొచ్చి రోజులే. అదీ సైన్యం వాడేసిన పాత పొడుగు లీ ఎన్‌ఫీల్డ్. వీపు సంచుల్లేవు, నీళ్ళ సీసాల్లేవు, తూటాల సంచుల్లేవు. ఒంటి మీద నేవీ నీలం దుస్తులే. తూటాలు జేబుల్లో పోసుకున్నారు. బయొనెట్లు పెట్టుకోవడానికి ఒర పట్టీ లేక, కాళ్ళకు కట్టుకున్న గెయిటర్లలో దోపుకున్నారు. అలాగే కందకాల్లో నిలబడ్డారు. రెండు మూడు రోజుల్లో వెనక్కి రమ్మన్నారు. ఆ గందరగోళంలో సుమారు 1,500 మంది దారి తప్పి హాలండ్‌లోకి నడిచి, అక్కడ గ్రోనింగెన్ అనే ఊళ్ళో యుద్ధం అయ్యేదాకా నిర్బంధంలో ఉండిపోయారు. తమ చెక్క గుడిసెల శిబిరానికి వాళ్ళు ఓడ పేరు పెట్టినట్టే ‘హెచ్ఎంఎస్ టింబర్‌టౌన్’ అని పేరు పెట్టుకున్నారు. నావికులు కదా!

ఆంట్‌వెర్ప్ ఫోటోల్లో వాళ్ళను దేన్నిబట్టి పోలుస్తాం? ఉన్నదాన్నిబట్టి కాదు, లేనిదాన్నిబట్టి. గుండ్రటి నావికుడి టోపీ, పొడుగు తుపాకి, ఉబ్బిన జేబులు, బోసి నడుము. పుస్తకాల్లో అన్ని నమూనాలూ బట్టీపట్టి వచ్చిన కుర్రాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. వాళ్ళు ప్రతి బెల్టుకూ పేరు వెతుకుతారు. ఇక్కడ బెల్టే లేదు. నేవీ కాల్బలం ఫోటోల్లో నాకు అన్నిటికంటే నిజమైనవిగా కనిపించేవి ఇవే. ఎందుకంటే కవాతు ఫోటోలో సర్కారు ఇవ్వదలుచుకున్నది కనబడుతుంది. ఇందులో సర్కారు ఇవ్వలేకపోయింది కనబడుతుంది.

తుపాకి గురించి ఓ మాట. మామూలు సైన్యం చేతిలో ఉన్న పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ మూతి చదునుగా, పంది ముట్టెలా తెగ్గొట్టినట్టు ఉంటుంది. గొట్టం అంతటా చెక్కే. పొడుగు లీ ఎన్‌ఫీల్డ్‌లో చెక్క ముందే ఆగిపోయి, ఉత్త గొట్టం బయటికి పొడుచుకొస్తుంది. ఫోటో ఎంత మసగ్గా ఉన్నా ఈ కొస కనబడుతుంది. కొత్త తుపాకులు సైన్యానికి వెళ్ళిపోతే నేవీకి మిగిలినవి పాతవి. చాలకపోతే జపాన్ నుంచి కొన్న అరిసాకాలు కూడా వాళ్ళ చేతికే వచ్చాయి. కాబట్టి బ్రిటిష్ నావికుడి చేతిలో జపాన్ తుపాకి కనబడితే ఫోటో నకిలీదని కంగారుపడకండి.

గలిపోలిలో 1915 ఏప్రిల్ 25 నుంచి ఈ డివిజన్ పోరాడింది. జూన్ 4న క్రిథియా దగ్గర జరిగిన దాడిలో కాలింగ్‌వుడ్ పటాలం ఒక్క రోజులో నాశనమైపోయి, మళ్ళీ లేవలేదు. ఈ కాలపు ఫోటోల్లో ఖాకీ వచ్చేసింది, నెత్తిన ఎండ టోపీ వచ్చేసింది. మన ఊళ్ళో కలెక్టరు దొరలు పెట్టుకున్న రకమే. నడుముకు ఒకరికి తోలు, ఇంకొకరికి నవారు. మరి నేవీ వాడని ఎలా తెలుస్తుంది? వెతకాల్సింది చిన్న చిన్న చోట్ల. టోపీ చుట్టూ రిబ్బను మీద పటాలం పేరు ఉంటుంది. చేతి మీద చారల స్థానంలో లంగరు గుర్తు ఉంటుంది. కొందరికి గడ్డం ఉంటుంది. అప్పట్లో బ్రిటిష్ సైన్యంలో గడ్డం పెంచనిచ్చేవారు కాదు, నేవీలో పెంచుకోవచ్చు. 1916లో డివిజన్‌ను సైన్యం కిందికి మార్చి 63 అని నంబరు ఇచ్చినా, వీళ్ళు గడ్డమూ మానలేదు, నేవీ హోదాల పేర్లూ మానలేదు. సెలవు మీద వెళ్ళడాన్ని ‘ఒడ్డుకు వెళ్ళడం’ అనే అనేవారు. సముద్రానికి మైళ్ళ దూరంలో, ఫ్రాన్సు బురదలో.

గలిపోలిలో ఫోటోలు తీసినవాళ్ళలో నేవీ తరఫున వెళ్ళిన ఎర్నెస్ట్ బ్రూక్స్ ముఖ్యుడు. తర్వాత ఫ్రాన్సులో బ్రిటిష్ సైన్యానికి మొదటి అధికారిక ఫోటోగ్రాఫర్ కూడా ఆయనే. ఆయన తీసినవాటిలో కొన్ని మళ్ళీ చేయించి తీసినవన్న మాట ఉంది. ఆ రోజుల బరువైన గాజు పలకల కెమెరాతో నిజమైన దాడికి ముందు వరసలో నిలబడి ఫోటో తియ్యడమంటే చావు కొనితెచ్చుకోవడమే. కాబట్టి కందకం మీద నుంచి ఉరుకుతున్న సిపాయిల ఫోటో మరీ చక్కగా ఉంటే, వాళ్ళ నడుములు చూడండి. సంచులన్నీ నిండుగా, పట్టీలన్నీ సరిగా, బూట్లకు మట్టి లేకుండా ఉంటే అది శిక్షణ మైదానం.

ఇక్కడ రంగు చేసే మోసం కూడా చెప్పాలి. ఆ కాలపు గాజు పలకలకు ఎరుపు సరిగా కనిపించదు, నీలం ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆకాశం తెల్లగా వస్తుంది, ఎర్రటిది నల్లబడుతుంది. నావికుడి నీలం కాలరు మన ఊహ కంటే లేతగా పడుతుంది. పతకం రిబ్బనులో ఎర్ర చార నల్లగా, నీలి చార తెల్లగా తేలుతుంది. ఇది తెలియక రంగులద్దితే యుద్ధమే మారిపోతుంది. అప్పట్లో మన స్టూడియో చిత్రకారులు కుంచెతో చేసిన పనిని ఇప్పుడు ఫోనులో ఆప్‌లు ఒక్క నొక్కుతో చేస్తున్నాయి. పాత ఫోటో ఇస్తే రంగూ వేస్తాయి, మసకా పోగొడతాయి. మసక పోగొట్టే వంకతో లేని గుండీ కల్పిస్తాయి, ఉన్న కుట్టు చెరిపేస్తాయి. మా బంధువు ఒకాయన పంపిన ‘బాగుచేసిన’ ఫోటోలో సిపాయికి ఒక చేతికి ఆరు వేళ్ళు. వేళ్ళు లెక్కపెట్టొచ్చు కాబట్టి దొరికింది. బెల్టు కొక్కేలు ఎవరు లెక్కపెడతారు?

ఫోటో తిరగబడిందా లేదా అన్నది కూడా నడుమే చెబుతుంది. బయొనెట్ ఎడమ తుంటికి వేలాడాలి. మగవాళ్ళ కోటు ఎడమ రెక్క కుడి రెక్క మీదికి రావాలి. తుపాకి బోల్టు పిడి కుడివైపుండాలి. మూడూ తారుమారైతే మనిషి ఎడమచేతివాటం కాదు, నెగెటివ్‌ను బోర్లించి ప్రింటు వేశారు.

మనవాళ్ళ సంగతికి వద్దాం. మొదటి యుద్ధం తెలుగునేల గడప తొక్కిందంటే నేవీ రూపంలోనే తొక్కింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ ఓడ ఎండెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి నూనె ట్యాంకుల మీద ఫిరంగులు పేల్చింది. అప్పటికి గుంటూరు జిల్లాకు పదేళ్ళు. 1904లో ఏర్పడిన జిల్లా, మద్రాసు రాజధానిలో భాగం. ఏడు వారాల తర్వాత, నవంబర్ 9న, అదే ఎండెన్ కోకోస్ దీవుల్లోని తంతి స్టేషన్‌ను ధ్వంసం చెయ్యడానికి 50 మంది నావికులను ఒడ్డుకు దింపింది. వాళ్ళు ఒడ్డున ఉండగానే ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ వచ్చి ఎండెన్‌ను మట్టుబెట్టింది. ఆ దండు దిగిన రోజు ఫోటోలు తంతి స్టేషన్ వాళ్ళు తీసినవి ఇప్పటికీ ఉన్నాయి. తెల్ల దుస్తుల నావికులు, భుజాన తుపాకులు, నడుముకు తోలు. మద్రాసును నిద్రలేపిన మనుషులు వీళ్ళేనా అనిపిస్తుంది చూస్తే. శత్రువైనా వేషం ఒకటే, ఓడ దిగి సిపాయి అయిన నావికుడు.

నావికులను నేల మీద నడిపించడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1857లో షానన్ ఓడ నావికులు కెప్టెన్ విలియం పీల్ వెంట కలకత్తా నుంచి ఓడ ఫిరంగులు ఈడ్చుకుంటూ లక్నో దాకా వెళ్ళారు.

మన దేశపు సిపాయిల చేతికి వచ్చిన సామాను సంగతి వేరే కథ. 1914 శరత్తులో భారత సైన్యం ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగిన ఫోటోలు చూడండి. పక్కనున్న బ్రిటిష్ సిపాయికి పది జేబుల నవారు, మనవాడికి భుజం మీద 1903 బ్యాండోలియర్. ఒకరికి 150 తూటాల చోటు, ఇంకొకరికి తోలు పట్టీలో 50. ఇద్దరూ ఒకే శత్రువు మీదికి, ఒకే కందకంలోకి వెళ్ళారు. అప్పటికే మద్రాసు సైన్యాన్ని ‘యుద్ధ జాతులు’ అన్న సిద్ధాంతంతో కుదించేశారు. తెలుగువాళ్ళూ తమిళులూ పోరాటానికి పనికిరారని తేల్చిన పెద్దమనుషుల్లో 1880లలో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ ముందువరసలో ఉంటాడు. మిగిలినవాళ్ళలో మద్రాస్ సాపర్లు అనే ఇంజనీరు సిపాయిలు మెసపొటేమియా దాకా వెళ్ళి వంతెనలు కట్టారు. వాళ్ళను ఫోటోలో పట్టించేది నడుము కాదు, నెత్తి. దుప్టా అనే వాళ్ళ తలపాగా టోపీ మరే పటాలానికీ లేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని ఊరే ఉంది కదా, ఇంటింటికీ సైన్యం మనిషి. అలాంటి చోట్ల పెట్టెల్లో ఇలాంటి ఫోటోలు ఎన్ని ఉంటాయో!

ఆ బెల్టుల్లో మన పత్తి ఉందని నేననడం లేదు. కానీ ఓ ముచ్చట చెప్పకుండా ఉండలేను. గుంటూరు, కృష్ణా నల్లరేగళ్ళలో పండిన ఓ నాటు పత్తిని వ్యాపారులు ‘కోకనాడాలు’ అనేవారు, కాకినాడ రేవు మీదుగా ఎగుమతి అయ్యేది కాబట్టి. ఆ దూది పుట్టుకతోనే తెల్లగా ఉండదు, ఎర్రమట్టి కలిసిన గోధుమరంగు. అంటే ఖాకీ. ఖాక్ అంటే పారశీకంలో దుమ్ము. కాళ్ళకు చుట్టుకునే పుట్టీలు కూడా మన పట్టీలే. ప్రపంచమంతా ఇంగ్లీషు మాటలనుకుని వాడుకున్నది మన బట్టల కొట్టు భాషే.

రెండో యుద్ధం వచ్చేసరికి బొమ్మ మారిపోయింది. 1937 నమూనా అన్న కొత్త నవారు వచ్చింది. పది చిన్న జేబులు పోయి, ఛాతీ కింద అటొకటి ఇటొకటి రెండు పెద్ద సంచులు వచ్చాయి. తూటాలతో పాటు బ్రెన్ మెషీన్‌గన్ మేగజైన్లు పట్టేంత పెద్దవి. ఈసారి సిపాయికీ, మెరైనుకూ, మనవాడికీ అందరికీ ఇదే నమూనా. ఒకే తేడా, మన దేశంలో నేసినది కాస్త పలచన, నేత వదులు, దాని మీద సర్కారు బాణం గుర్తుతో పాటు ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం. ఫోటోలో ఆ ముద్ర కనబడటం అదృష్టం.

1942లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద పడ్డప్పుడు ‘ఫోర్స్ వైపర్’ అనే చిన్న మెరైన్ల దండు బర్మా నదుల్లో పడవలు నడుపుతూ వెనక్కి తగ్గింది. అదే నెలల్లో అవే దారుల వెంట రంగూన్ రేవు కూలీలు, అక్కడ కోరంగివాళ్ళని పిలిపించుకున్న మన తెలుగువాళ్ళు, కాలినడకన ఇంటిదారి పట్టారు. వాళ్ళ నడుములకు మూటలే. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మూడేళ్ళ తర్వాత అరకాన్ తీరంలో కంగా అనే ఊరి దగ్గర, 170 అని అంకె పెట్టిన గుట్ట కోసం 1945 జనవరిలో భీకరంగా పోరు సాగింది. ఓ వైపు 42, 44 నంబరు రాయల్ మెరైన్ కమాండోలు సైన్యం కమాండోలతో కలిసి గుట్ట నిలబెట్టారు. పక్కనే భారత సైన్యం 51వ బ్రిగేడు. అందులోని హైదరాబాద్ రెజిమెంటు పటాలానికి నాయకుడు తర్వాత మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య. పేరు హైదరాబాద్, సిపాయిలు మాత్రం ఉత్తరాది వాళ్ళు. తెల్లవాడికీ మనవాడికీ నడుముకు ఒకటే నవారు. కమాండోను పట్టించేది నెత్తిన ఆకుపచ్చ బెరే, ఇంకా ఓ తాడు. ఆరడుగుల తాడు, ఒక కొసకు చెక్క గుబ్బ, రెండో కొసకు ఉచ్చు. ఒకరి తాడుకు ఇంకొకరిది తగిలించుకుంటూ పోతే వాగు దాటే మోకు అవుతుంది. దాన్ని ఒంటికి చుట్టుకుని తిరిగేవాళ్ళు.

ఇదంతా నేను చెబుతుంటే కాఫీ చల్లారిపోయింది. ఆయన చిన్న ప్రింటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

“రెండు పెద్ద సంచులు. అవునండీ, కనబడుతున్నాయి” అన్నారు. “అంటే తాతయ్య నేవీ కాదు.”

“ఈ సంచులతో నేవీ అని చెప్పలేం. ఓడెక్కి వెళ్ళాడు కాబట్టి ఇంట్లో నేవీ అనుకుని ఉంటారు.”

“మా నాయనమ్మ అలాగే చెప్పేది. ఓడలో పదిరోజులు వాంతులయ్యాయని.” కాసేపు ఊరుకుని, భూతద్దం నా చేతిలోంచి తీసుకున్నారు. యార్డులో కాయ చూసినట్టే, ఒక కన్ను మూసి, ప్రింటు వెలుతురుకి తిప్పి చూశారు. కుడి చివర సగం తెగిపోయిన తెల్లవాడి దగ్గర ఆగారు.

“ఏవండీ, ఇతని నడుముకు ఏదో చుట్టి ఉంది. తాడులా. కొసన చెక్క ముక్క.”

నేను చూడలేదు. నేను తాతగారినే చూస్తున్నాను. మళ్ళీ చూశాను. ఉంది.

ఆయన లేచి కింద వీధిలోని స్టూడియో కుర్రాడికి ఫోను చేశారు. “బాబూ, చిన్న ఫోటో ఒకటి పంపుతున్నా. పెద్దది చెయ్యాలి. ఆ, ఫ్రేము కూడా. పక్కన తెల్లోళ్ళను కట్ చెయ్యొద్దు. రంగు వద్దు, టచప్ వద్దు. ఆ బురద కూడా ఉండనీ.”